ఎర్ర వ్యాక్స్‌క్యాప్‌లు: కాక్సీనియానా, ప్యూనిసియానా? కాడ చీల్చి చూద్దాం

తొలకరి77:
అందరికీ నమస్కారం. వారం రోజులుగా ఒకే ప్రశ్న నా బుర్ర తినేస్తోంది. రోజూ నడకకు వెళ్లే దారిలో ఒక పాత పచ్చిక ఉంది. దాన్ని దున్నగా గానీ ఎరువు వేయగా గానీ ఎవరూ చూడలేదంటారు. ఏటా గడ్డి కోస్తారు, అంతే. కాలు పెడితే మెత్తగా దిగిపోయేంత నాచు ఉంటుంది. ఈ అక్టోబరులో అక్కడ ఎర్ర వ్యాక్స్‌క్యాప్‌లు, అంటే ముట్టుకుంటే మైనంలా ఉండే పుట్టగొడుగులు, లేచాయి.

వాలు పైభాగంలో ఒక గుంపు ఉంది. గొడుగులు 2 నుంచి 4 సెంటీమీటర్లు, నిండు ఎరుపు. కింది భాగంలో ఐదే ఉన్నాయి గానీ పెద్దవి. అన్నిటికంటే పెద్దది కొలిస్తే 9 సెంటీమీటర్లు వచ్చింది. దాని ఎరుపు మధ్యలో ముదురుగా ఉండి, అంచుల దగ్గర వెలిసి నారింజలోకి దిగింది. నాతో వచ్చిన స్నేహితుడు "రెండూ ఒకటే, ఇవి పిల్లలు, అవి ముదిరినవి" అన్నాడు. నాకు మాత్రం మనసొప్పడం లేదు. ఇవి హైగ్రోసైబీ కాక్సీనియా, హైగ్రోసైబీ ప్యూనిసియా అని రెండు జాతులా? ఎలా తేల్చుకోవాలి? పైనుంచి తీసిన ఫోటోలు పెట్టాను.

వేపపుల్ల:
ఫోటోల్లో అన్నీ ఒకేలా ఉన్నాయండి. చిన్నవి కాక్సీనియా, పెద్దవి ప్యూనిసియా అనుకుంటే సరిపోదా?

నాచుమెట్టు:
సరిపోదండీ. సైజు ఒక సూచన మాత్రమే. కాక్సీనియా గొడుగు మామూలుగా 2 నుంచి 5 సెంటీమీటర్లు ఉంటుంది. ప్యూనిసియా 4 దగ్గర మొదలై 10 దాటి కూడా పోతుంది. అంటే 4, 5 సెంటీమీటర్ల దగ్గర రెండూ కలిసిపోతాయి. మనకు చిక్కు వచ్చేది ఎప్పుడూ అక్కడే.

తొలకరి గారూ, ముందు ఒక మాట. పైనుంచి తీసిన ఫోటోతో ఈ రెండింటినీ విడదీయడం నా వల్ల కాదు. రంగును నమ్ముకుంటే మోసపోతాం. ఆ పేర్లు చూడండి. కాక్సీనియస్ అంటే లాటిన్‌లో చిన్న పురుగుల నుంచి తీసే ఎర్ర అద్దకం రంగు. ప్యూనిసియస్ అంటే ఫినీషియన్ల పేరు మీద వచ్చిన ఎరుపు. మొదటిదానికి 1774లో షేఫర్, రెండోదానికి 1821లో ఫ్రీస్ అనే శాస్త్రవేత్తలు పేరు పెట్టారు. ఇద్దరూ చెప్పింది ఒక్కటే: "ఎర్రది". ఇంగ్లిష్‌లో కూడా ఒకటి స్కార్లెట్, ఇంకొకటి క్రిమ్సన్. పేర్లు రంగు చుట్టూ తిరిగాయి గానీ, తేడా ఉన్నది రంగులో కాదు.

మళ్లీ వెళ్లగలిగితే ఒక్కో గుంపు నుంచి ఒక్కటే తీసుకోండి. గొడుగు పట్టుకుని లాగొద్దు. కాడ మొదలు కిందికి కత్తి దించి, మట్టితో సహా పైకి లేపండి. మొదలు తెగిపోతే సగం సాక్ష్యం నేలలోనే ఉండిపోతుంది. ఇంటికొచ్చాక గొడుగు నెత్తి నుంచి కాడ మొదలు దాకా నిలువుగా రెండు చెక్కలు చేయండి. మూడు సంగతులు రాసి పెట్టండి: కాడ లోపలి కండ ఏ రంగులో ఉంది, మొప్పలు కాడకు ఎలా అతుక్కున్నాయి, కాడ పైన నున్నగా ఉందా, నార తేలి ఉందా.

వేపపుల్ల:
మొప్పలు అతుక్కోవడం అంటే ఏమిటండి? నేను కొత్త.

నాచుమెట్టు:
గొడుగు కింద రేకుల్లా వరసగా ఉండేవే మొప్పలు. నిలువుగా కోశాక ఒక మొప్పను అంచు నుంచి కాడ వైపు చూసుకుంటూ రండి. కాక్సీనియాలో ఆ మొప్ప తన వెడల్పంతా కాడకు ఆనించి అతుక్కుంటుంది. కొన్నిసార్లు చిన్న పన్నులా కాడ మీదికి కాస్త జారుతుంది కూడా. ప్యూనిసియాలో మొప్ప కాడ దగ్గరికి వచ్చేసరికి సన్నబడి పైకి తిరుగుతుంది. సన్నని కొసతోనే కాడను తాకుతుంది, ఒక్కోసారి తాకీ తాకనట్టు ఉంటుంది. కాడకూ మొప్పలకూ మధ్య చిన్న కాలువలాంటి సందు కనిపిస్తుంది. ఒకసారి పక్కపక్కన పెట్టి చూస్తే మళ్లీ మర్చిపోరు.

రావిఆకు:
నాచుమెట్టు గారితో ఒక విషయంలో విభేదిస్తాను. ఇది ఇద్దరి మధ్య పోటీ కాదు. మూడో అభ్యర్థి ఉంది: హైగ్రోసైబీ స్ప్లెండిడిసిమా. ఇదీ పెద్దదే, ఇదీ ఎరుపే, దీని మొప్పలూ కాడ దగ్గర సన్నబడతాయి. మొప్పలను చూసి "ప్యూనిసియా" అని రాసేసుకున్న రికార్డుల్లో ఇది కలిసిపోయే ప్రమాదం ఉంది. నేను కూడా ఒక సీజనంతా అదే తప్పు రాసుకుంటూ పోయాను. తర్వాత ఎండబెట్టిన నమూనాల డబ్బా మూత తీస్తే తేనె వాసన వచ్చింది. అప్పుడు పాత నోట్సంతా తిరగేయాల్సి వచ్చింది.

నాచుమెట్టు:
మంచి మాట గుర్తుచేశారు. నేను ముందే చెప్పాల్సింది. అయితే కాడ కోస్తే ఆ చిక్కూ వీడుతుంది. స్ప్లెండిడిసిమా కాడ లోపల పచ్చగా, అంటే పసుపుగా ఉంటుంది. కాడ పైన నున్నగా ఉంటుంది, గొడుగు పొడిగా ఉంటుంది. ప్యూనిసియా కాడ లోపల తెలుపు. పైన నిలువు నారలు ముతకగా కనిపిస్తాయి. గొడుగు వేలికి జిడ్డు జిడ్డుగా తగులుతుంది.

రావిఆకు:
అవును, లోపలి తెలుపు ఉంటే నేనూ ఒప్పుకుంటాను. తొలకరి గారూ, కోసిన చెక్కల్లో ఒకటి మూతున్న డబ్బాలో పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే మూత తీయగానే వాసన చూడండి. తాజాగా ఉన్నప్పుడు వాసన రాకపోయినా ఎండే కొద్దీ స్ప్లెండిడిసిమాకు తేనె వాసన తేలుతుంది. హైగ్రోసైబీ రెయిడీకి కూడా ఆ వాసనే ఉంటుంది గానీ అది నారింజ రంగుది, చిన్నది. మీ దగ్గరున్న పెద్దవాటితో దాన్ని పొరబడరు.

తొలకరి77:
ఈ రోజు సాయంత్రం వెళ్లొచ్చాను. మీరు చెప్పినట్టే కాడ మొదలు కింద కత్తి దించి లేపాను. పై గుంపులోది ఒకటి, కింది గుంపులోది ఒకటి. వంటగది లైటు కింద తెల్ల కాగితం మీద పెట్టి కోశాను. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

చిన్నది: గొడుగు 3 సెంటీమీటర్లు. పైన వేలు పెడితే తడి ఉంది గానీ జిడ్డు లేదు. లెన్సుతో చూస్తే గొడుగు మధ్యలో సన్నటి బొడిపెలు, ఇసుక రేణువులు అతికించినట్టు. కాడ ఒకవైపు కాస్త అణిగి ఉంది, నున్నగా ఉంది. పైన ఎరుపు, కింద మొదలు దగ్గరికి వచ్చేసరికి పసుపు. కోస్తే లోపల నారింజ కలిసిన పసుపు. మొప్పలు నారింజ ఎరుపు, వాటి అంచు మాత్రం సన్నగా పసుపు గీత గీసినట్టుంది. మొప్పలన్నీ కాడకు వెడల్పుగా ఆనుకున్నాయి.

పెద్దది: గొడుగు 8 సెంటీమీటర్లు. కాడ నా చూపుడు వేలంత లావు. దాని మీద నారలు గోటికి తగులుతున్నాయి, చెరకు గడ పెచ్చు తీస్తే కనిపించే పోగుల్లా. కాడ పైన పసుపు, మధ్యలో ఎర్ర చారలు, మట్టిలో ఉన్న మొదలు తెల్లగా ఉంది. కత్తి దింపగానే లోపల కాడ పొడవునా తెలుపు! గొడుగు తోలు కింద మాత్రం సన్నని నారింజ ఎరుపు గీత. మొప్పలు కాడ దగ్గర సన్నబడి ఆగిపోయాయి. నాచుమెట్టు గారు చెప్పిన కాలువ కూడా కనిపించింది.

రెండూ వేరు డబ్బాల్లో పెట్టాను. రేపు పొద్దున్న వాసన సంగతి చెప్తాను.

వేపపుల్ల:
ఇంత స్పష్టంగా ఉంటుందని అనుకోలేదు. నేను కూడా కోసి చూస్తాను.

అడవిబాట:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. ఇవి తినొచ్చా?

నిర్వాహకులు:
ఈ చర్చలో తినడం గురించి సలహాలు ఇవ్వకండి, అడగకండి. ఇక్కడ జరుగుతున్నది గుర్తింపు మాత్రమే. ఫోటో చూసి చెప్పిన పేరును నమ్మి పుట్టగొడుగును నోట్లో పెట్టుకోవడం ప్రాణాంతకం కావచ్చు. పైగా ఇవి చాలాచోట్ల అరుదైపోతున్న జాతులు. తీసేదే ఒకటో రెండో, అదీ గుర్తింపు కోసమే.

సూక్ష్మదర్శిని:
మైక్రోస్కోపు ఉన్నవాళ్ల కోసం రెండు మాటలు. సిద్ధబీజాల కొలతతో తేల్చేద్దామని చాలామంది అనుకుంటారు. కాక్సీనియా బీజాలు ఇంచుమించు 7 నుంచి 10 మైక్రాన్ల పొడవు, ప్యూనిసియావి 8 నుంచి 11. మధ్యలో ఎంత కలిసిపోతున్నాయో చూడండి. సగటు తీస్తే ప్యూనిసియా బీజాలు కాస్త పెద్దవనే తేలుతుంది గానీ, పది బీజాలు కొలిచి తీర్పు చెప్పేయకండి. కాక్సీనియా బీజాల్లో చాలావాటికి నడుము దగ్గర చిన్న నొక్కు ఉంటుంది, వేరుశనగ కాయలాగా. ప్యూనిసియాలో ఆ నొక్కు అంతగా కనిపించదు. నాకు కొలత కంటే ఆ ఆకారమే ఎక్కువ పనికొచ్చింది. బీజాల ముద్ర, అంటే గొడుగును కాగితం మీద బోర్లిస్తే రాలే పొడి, రెంటిదీ తెలుపే, కాబట్టి ముద్ర రంగుతో పని లేదు.

ఈ గుంపుకు మైనం పేరు ఎందుకొచ్చిందో కూడా మైక్రోస్కోపులోనే తెలుస్తుంది. మొప్పల మీద బీజాలను మోసే బేసిడియా అనే కణాలు వీటిలో బాగా పొడుగ్గా ఉంటాయి. మొప్పను వేళ్ల మధ్య నలిపితే మైనంలా మెత్తగా జారేది అందుకే.

ఇంకొకటి. ఈ రంగులు బీటలైన్లు. బీట్‌రూట్‌కు ఎరుపు ఇచ్చే కుటుంబమే. మస్కాఫ్లేవిన్ అనే పసుపు రంగు వీటిలో దొరుకుతుంది. ఎర్ర గొడుగు మీద తెల్ల మచ్చలుండే అమానిటా మస్కేరియా పుట్టగొడుగులో కూడా అదే ఉంది. ఎరుపూ పసుపూ పాళ్లు మారితే నారింజ. అందుకే ఒకే పుట్టగొడుగులో గొడుగు ఎర్రగా, కాడ మొదలు పసుపుగా ఉండటం వింతేమీ కాదు. ముదిరి వెలిసిన ప్యూనిసియా పక్కన తాజా కాక్సీనియాను పెడితే కొత్తవాళ్లు పేర్లు తారుమారు చేస్తారు.

తొలకరి77:
పొద్దున్నే రెండు డబ్బాలూ తీశాను. చిన్నదానికి చెప్పుకోదగ్గ వాసన లేదు. పెద్దదానికి తడి మట్టి వాసనే తప్ప తేనె జాడ లేదు. ఇంట్లో ఇంకో ఇద్దరి చేత కూడా ఏదీ ఏమిటో చెప్పకుండా వాసన చూపించాను. ఇద్దరూ "ఏమీ లేదు" అనే అన్నారు.

రావిఆకు:
లోపల తెలుపు, ముతక నారలు, తేనె వాసన లేదు. నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. పెద్దది ప్యూనిసియా. చిన్నది కాక్సీనియా అనడానికి నాకు మొదటి నుంచీ అనుమానం లేదు.

తొలకరి77:
ధన్యవాదాలు. కానీ ఒక చిక్కు మిగిలింది. రెండు గుంపులకూ మధ్యలో ఒంటరిగా ఒకటి ఉంది. గొడుగు 4 సెంటీమీటర్లు, ఇంకా గంటలాగా ముడుచుకునే ఉంది. నిండు ఎరుపు, ఎక్కడా వెలవలేదు. దాన్ని పీకలేదు. నేల మీద పడుకుని కింద నుంచి ఫోటో తీశాను. మొప్పలు సన్నగా అతుక్కున్నట్టే ఉన్నాయి గానీ కచ్చితంగా చెప్పలేను.

వేపపుల్ల:
సైజు, రంగు చూస్తే కాక్సీనియానే కదా.

నాచుమెట్టు:
ఆ కింది ఫోటో పెద్దది చేసి చూశాను. కాడ మీద చూడండి, పసుపు మీద ఎర్ర చారలు నిలువుగా ఉన్నాయి. గొడుగు ముడుచుకుని ఉన్నా కాడ అప్పటికే ఎంత లావుగా ఉందో గమనించండి. కాక్సీనియా 4 సెంటీమీటర్లకు వచ్చేసరికి బాగా విచ్చుకుంటుంది. ఇది ఇంకా మొగ్గ దశలోనే 4 సెంటీమీటర్లు ఉంది. నేనైతే దీన్ని లేత ప్యూనిసియా అంటాను. కోయకుండా ఇంతకంటే గట్టిగా చెప్పను. దాన్ని అలాగే వదిలేసి వారం తర్వాత చూడండి. పెరిగి జవాబు అదే చెప్తుంది.

కాలం కూడా దీనికి తోడుంది. కాక్సీనియా ముందు లేస్తుంది. ప్యూనిసియా ఆలస్యంగా, అక్టోబరు నుంచి నవంబరు లోపలి దాకా లేస్తుంది. ఇప్పుడు లేతగా ఉన్నదంటే ప్యూనిసియా వైపే మొగ్గు.

సూక్ష్మదర్శిని:
ఉత్తర అమెరికా, ఆసియా నుంచి చదివేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. యూరప్‌లో ఈ రెండూ పాత పచ్చికల జాతులు. అక్కడ తప్ప మిగతా చాలా ప్రాంతాల్లో వ్యాక్స్‌క్యాప్‌లు ఎక్కువగా చెట్ల కింద లేస్తాయి. అవే పేర్లతో పిలిచినా డీఎన్‌ఏ చూస్తే అన్నిచోట్లా ఒకటే జాతి అని చెప్పలేం. హైగ్రోసైబీ కోనికా అనే నల్లబడే వ్యాక్స్‌క్యాప్ విషయంలో ఒకే పేరు కింద చాలా జాతులు దాక్కున్నాయని ఇప్పటికే తేలింది. అందుకే ఎండబెట్టిన చిన్న ముక్క దాచి ఉంచడం మంచి అలవాటు.

కొండమల్లె:
మీరంతా పేరు తేల్చారు. ఆ పేరు వల్ల ఆ పచ్చికకు ఏం ఒరుగుతుందో నేను చెప్తాను, ఎందుకంటే నాకు అది పోగొట్టుకున్న అనుభవం ఉంది.

కాక్సీనియా కాస్త ఓర్పున్న జాతి. ఓ మాదిరి పచ్చికల్లో కూడా కనిపిస్తుంది. ప్యూనిసియా అలా కాదు. అది ఉందంటే ఆ నేల చాలా ఏళ్లుగా దున్నకుండా, ఎరువు తగలకుండా ఉన్నదని ఒక గట్టి సూచన. అంతర్జాతీయ ఎర్ర జాబితాలో అది ముప్పు పొంచి ఉన్న జాతుల్లో, వల్నరబుల్ అనే వర్గంలో ఉంది. కాబట్టి "ఎర్ర వ్యాక్స్‌క్యాప్" అని ఒక్క మాటలో రాసుకుంటే ఆ పచ్చిక విలువ సగం దాచిపెట్టినట్టే.

డెన్మార్క్‌లో రాల్డ్ అనే ఆయన 1985లో ఒక లెక్క ఇచ్చాడు. ఒక పచ్చికలో మొత్తం ఎన్ని వ్యాక్స్‌క్యాప్ జాతులు దొరికాయో చూడాలి. 3 వరకు అయితే పెద్ద విలువ లేదు, 4 నుంచి 8 అయితే స్థానికంగా ముఖ్యం, 9 నుంచి 16 అయితే ప్రాంతీయంగా, 17 నుంచి ఆపైన అయితే జాతీయ స్థాయిలో ముఖ్యం. ఒక్కసారి వెళ్లి లెక్కపెడితే చాలదు. అన్నీ ఒకే వారం లేవవు, ఒకే ఏడాది కూడా లేవవు. ఇప్పుడు తొలకరి గారు రెండింటినీ ఒకటే అనుకుని ఉంటే ఆ లెక్కలో ఒకటి తగ్గేది. 8కీ 9కీ మధ్య ఉన్న పచ్చికకు ఆ ఒక్కటే ప్రాణం.

మా దగ్గర అలాంటి పచ్చిక ఒకటి ఉండేది. ఆ స్థలం చూసుకునే యాజమాన్యం గడ్డి పచ్చగా కనిపించాలని ఒక వసంతంలో నైట్రోజన్ ఎరువు చల్లించింది. ఆ శరదృతువులో గడ్డి నిజంగానే మోకాలెత్తు పెరిగింది. ఎర్రది ఒక్కటి లేవలేదు. మరుసటి ఏడూ లేవలేదు. ఏడేళ్లయింది, నేను ప్రతి నవంబరులో వెళ్లి చూసి వస్తున్నాను. వీటిని కుండీలో పెంచి తెచ్చి మళ్లీ నాటుదామంటే కుదరదు. ప్రయోగశాలలో పళ్లెం మీద కూడా వీటిని పెంచడం ఎవరికీ సరిగా చేతకాలేదు. ఇవి ఎండుటాకులు కుళ్లబెట్టి బతికే రకం కాదు. గడ్డిలోని మొక్కల వేళ్లలో వ్యాక్స్‌క్యాప్‌ల డీఎన్‌ఏ దొరికింది. పచ్చికతో వీటి బంధం అంత లోతైనది.

తొలకరి77:
కొండమల్లె గారూ, మీ పోస్టు చదివాక టెన్షన్ పట్టుకుంది. ఆ పచ్చికలో కొంత భాగం కొత్త విత్తనం చల్లి బాగుచేస్తారని విన్నాను. నేనేం చేయగలను?

కొండమల్లె:
ముందు రికార్డు. తేదీ, చోటు, కోసిన చెక్కల ఫోటో, మొప్పల ఫోటో, కొలతలు. "ప్యూనిసియా, కాడ లోపల తెలుపు, మొప్పలు సన్నగా అతుక్కున్నాయి" అని కారణంతో సహా రాయండి. కారణం లేని పేరును ఎవరైనా ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. మీ ప్రాంతంలో శిలీంధ్రాల రికార్డులు చూసేవాళ్లకు పంపండి. తర్వాత స్థలం చూసుకునేవాళ్లతో కలిసి నడవండి, ఉత్తరం ఒక్కటే సరిపోదు. అవి లేచి ఉన్నప్పుడే వాళ్లను ఆ వాలు మీదికి తీసుకెళ్లండి. అడిగేది కూడా పెద్ద ఖర్చుతో కూడినది కాదు: ఎరువు వద్దు, సున్నం వద్దు, దున్నొద్దు, గడ్డి పొట్టిగా కోయండి, కోసిన గడ్డి అక్కడే వదలకుండా ఎత్తేయండి. వదిలేస్తే అదే కుళ్లి ఎరువవుతుంది. నాచును గీకేయమని ఎవరైనా అంటే మాత్రం గట్టిగా అడ్డుపడండి.

నాచుమెట్టు:
వెళ్లినప్పుడు మిగతావి కూడా చూడండి. తెల్ల వ్యాక్స్‌క్యాప్‌లు, ఆకుపచ్చ చిలుక వ్యాక్స్‌క్యాప్, గడ్డిలో పసుపు కొమ్మల్లా లేచే క్లావులినాప్సిస్‌లు, నల్ల నాలుకల్లా ఉండే జియోగ్లాసమ్‌లు. ఇవన్నీ ఒకే రకం నేలను ఇష్టపడతాయి. అన్నీ కలిపి జాబితా ఇస్తే మాటకు బలం వస్తుంది.

తొలకరి77:
ఎనిమిది రోజుల తర్వాత రాస్తున్నాను. స్థలం చూసుకునే ఇద్దరు నాతో వచ్చారు. ముందు అయిష్టంగానే వచ్చారు. ఎండబెట్టి దాచిన ఆ తెల్ల కాడ చెక్కనూ, పసుపు కాడ చెక్కనూ పక్కపక్కన పెట్టి చూపించాను. వాళ్లలో పెద్దాయన లెన్సు తీసుకుని చాలాసేపు చూశారు. "అయితే ఈ వాలు వదిలేసి పైన చదునుగా ఉన్నచోటే విత్తనం వేద్దాం" అన్నారు. రాతపూర్వకంగా ఇమ్మని అడిగాను, ఇంకా రాలేదు.

మధ్యలో ఒంటరిగా ఉన్నది ఇప్పుడు విచ్చుకుంది. 7 సెంటీమీటర్లు. అంచు నారింజలోకి దిగుతోంది, పైన వేలు పెడితే జిడ్డు. కోయలేదు. పక్కన నాచు కాస్త పక్కకు జరిపితే ఇంకో రెండు ఎర్ర మొగ్గలు కనిపించాయి. నాచు మళ్లీ కప్పేసి వచ్చాను.

నాచుమెట్టు:
మంచి పని చేశారు. జాబితాలో ప్యూనిసియా పక్కన 7 సెంటీమీటర్లు అని రాసుకోండి. ఆ రెండు మొగ్గల కోసం నవంబరు రెండో వారంలో మళ్లీ వెళ్లండి.